జింప్ 2.10 నుంచి 3.0కి: కడప స్టూడియోలో మార్పు డైరీ

మాది కడపలో రెండు సిస్టంల స్టూడియో. కౌంటర్లో పాస్‌పోర్టు ఫొటోలు, లోపలి గదిలో ఆల్బమ్ డిజైన్లు, పాత ఫొటోలు బాగుచేయడం, అప్పుడప్పుడు ఫ్లెక్సీలు. అన్నీ జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 2.10 వెర్షన్ మీదే నడిచేవి. 2.10 వచ్చింది 2018లో. 3.0 వచ్చింది 2025 మార్చి 16న. అప్పుడు ముట్టుకోలేదు. ఏప్రిల్, మేలో పెళ్లిళ్లు, జూన్‌లో బడులు, కాలేజీ అడ్మిషన్ల ఫొటోలు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఈ పనికి ఆ నెలను పెట్టుకున్నాం. అప్పటికి 3.0.4 బయటికి వచ్చింది.

మారడానికి కారణం ఒక్కటే. 2.10లో ఫిల్టర్ వేసి ఓకే కొడితే అది లేయర్లో (బొమ్మ పొరలో) కలిసిపోతుంది. వారం తర్వాత కస్టమర్ వచ్చి "కొంచెం డార్క్ చేయండి" అంటే పని దాదాపు మొదటికొస్తుంది. 3.0లో ఫిల్టర్ లేయర్ మీద విడిగా నిలబడుతుంది, ఎప్పుడైనా తెరిచి అంకె మార్చుకోవచ్చు. పాత ఫొటోల పని చేసేవాళ్లకు ఇది చాలు. మిగతా కొత్తవన్నీ మాకు అదనం.

కొత్తదానికి తరలించాల్సిన సరుకు:

1. స్క్రిప్టులు, ప్లగిన్లు 6: పాస్‌పోర్టు షీట్, స్టాంప్ సైజ్ షీట్, పరీక్షల దరఖాస్తు ఫొటో కింద పేరు-తేదీ పట్టీ, ఆల్బమ్ పేజీలను షార్ప్ చేసి జేపెగ్‌గా తీసేది, రీసింథసైజర్ (మచ్చల్ని తనే పూడ్చే ప్లగిన్), జీమిక్ (ఫిల్టర్ల కట్ట).
2. టెంప్లేట్లు 31: మేం చేసుకున్న ఎక్స్‌సీఎఫ్ (జింప్ సొంత రకం) ఫైళ్లు 12, కొన్న ఆల్బమ్ పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు) 19.

లెక్క: ఖర్చు రూ. 0. స్క్రిప్టులు 0/6. టెంప్లేట్లు 0/31.

దశ 1: ముట్టుకునే ముందు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు, కానీ వరుస తప్పకూడదు.

1. విండోస్ యూజర్ ఫోల్డర్లో, యాప్‌డేటా కింద రోమింగ్, అందులో జింప్, అందులో 2.10 అనే ఫోల్డర్ ఉంటుంది. బ్రష్‌లు, స్క్రిప్టులు, ప్లగిన్లు, షార్ట్‌కట్‌లు అన్నీ అందులోనే. దాన్ని మొత్తంగా బయటి డిస్కులోకి కాపీ చేయాలి.
2. టెంప్లేట్ల ఫోల్డర్‌ను ఇంకో కాపీ తీసి, ఆ కాపీలోనే ప్రయోగాలు చేయాలి.
3. 2.10ని తీసేయకూడదు. 3.0 వేరే ఫోల్డర్లో కూర్చుంటుంది, సెట్టింగులకు కూడా వేరే ఫోల్డర్ తెరుచుకుంటుంది. రెండూ ఒకే సిస్టంలో గొడవ లేకుండా ఉంటాయి.
4. కౌంటర్ సిస్టం జోలికి చివరి దాకా పోకూడదు. బయట మనిషి నిలబడి ఉంటే ఎర్రర్ మెసేజ్ చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ఒక షరతు ముందే చూసుకోండి: 3.0కి కనీసం విండోస్ 10 కావాలి. మా రెండు సిస్టంలు కాక మూలన ఉన్న పాత విండోస్ 7 పెట్టె మీద అది ఎక్కదు. ఆ పెట్టెను 2.10తో అలాగే వదిలేశాం.

దశ 2: లోపలి సిస్టంలో ఇన్‌స్టాల్

ఇన్‌స్టాల్ నిమిషాల పని. మొదటిసారి తెరవగానే పాత సెట్టింగులు తనే తెచ్చుకుంది. షార్ట్‌కట్‌లు మాత్రం అన్నీ రాలేదు, మేం సొంతంగా పెట్టుకున్నవి కొన్ని మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

ఎక్స్‌సీఎఫ్ ఫైళ్లు ఏ వెర్షన్‌తో తెరుచుకోవాలో ముందే చూసి పెట్టుకోండి. 3.0లో ఫిల్టర్లు విడిగా ఉంచి సేవ్ చేసిన ఎక్స్‌సీఎఫ్ ఫైలు 2.10లో తెరుచుకోదు. 2.10 ఫైలు 3.0లో తెరుచుకుంటుంది. దారి ఒకవైపే. అందుకని కొత్తదానిలో సేవ్ చేసే ప్రతి ఫైలు పేరు చివర "కొ3" అని చేర్చే నియమం పెట్టుకున్నాం. రెండు సిస్టంలు రెండు వెర్షన్లతో నడిచినన్నాళ్లూ ఈ చిన్న గుర్తే మమ్మల్ని కాపాడింది.

ప్లగిన్ల విషయంలో ఒక తేడా ఉంది. 2.10లో ప్లగిన్ ఫైలును నేరుగా ప్లగిన్ల ఫోల్డర్లో పడేస్తే పనిచేసేది. 3.0లో ప్రతి ప్లగిన్‌కూ తన పేరుతోనే ఒక సబ్‌ఫోల్డర్ ఉండాలి. బయట పడేస్తే మెనూలో కనబడదు. ఎర్రర్ కూడా పెద్దగా అరవదు కాబట్టి ఎక్కడ పోయిందో అర్థం కాదు.

ఎలాగూ 2.10 కోసం తయారైన ప్లగిన్ 3.0లో నడవదు. జీమిక్ వాళ్లు 3.0 కోసం వేరేగా ఇస్తున్నారు, అది దింపి వేశాం. రీసింథసైజర్ పాత కాపీ పనిచేయలేదు. మచ్చ చుట్టూ గీత గీసి "హీల్ సెలెక్షన్" కొడితే దానంతట అదే పూడ్చే సౌకర్యం దాంతో పోయింది. దానికోసం ఆగకుండా ఆ పనిని చేతి బ్రష్‌కు మార్చాం.

లెక్క: ఖర్చు రూ. 0. స్క్రిప్టులు 1/6. టెంప్లేట్లు 0/31.

దశ 3: స్క్రిప్టులు

మిగతా నాలుగు స్క్రిప్టులూ జింప్ సొంత స్క్రిప్టు భాష స్క్రిప్ట్-ఫూలో రాసినవి. నాలుగూ పడిపోయాయి. పైథాన్‌లో రాసుకున్నవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. 2.10 విండోస్ కాపీలో ఉన్నది పైథాన్ 2, ఇప్పుడు ఉన్నది పైథాన్ 3. స్క్రిప్టును పిలిచే పద్ధతే మారింది కాబట్టి అది దిద్దుబాటు కాదు, తిరగరాత.

పాస్‌పోర్టు షీట్ స్క్రిప్టు నడపగానే వచ్చింది "అన్‌బౌండ్ వేరియబుల్" అన్న మెసేజ్. అంటే మనం పిలిచిన పేరు అక్కడ లేదని. హెల్ప్ మెనూలోని ప్రొసీజర్ బ్రౌజర్ తెరిచి ఒక్కొక్క ఆజ్ఞనూ వెతికాం. మా నాలుగింటిలో మార్చాల్సినవి ఇవి:

1. బొమ్మ వెడల్పు, ఎత్తు అడిగే ఆజ్ఞల పేర్ల మధ్యలో "గెట్" చేరింది. లేయర్ వెడల్పు, ఎత్తులకూ అంతే.
2. కొత్త లేయర్ తయారుచేసే ఆజ్ఞలో వరుస మారింది. పాతదానిలో బొమ్మ తర్వాత వెడల్పు, ఎత్తు, రకం, ఆపైన పేరు. ఇప్పుడు బొమ్మ తర్వాత వెంటనే పేరు. ఆజ్ఞ పేరు మారలేదు కాబట్టి ఇది చివర్లో గాని దొరకలేదు.
3. "యాక్టివ్ లేయర్" అన్నది పోయి "సెలెక్టెడ్ లేయర్లు" వచ్చింది. ఒకేసారి చాలా లేయర్లు ఎంచుకోవచ్చు కాబట్టి జవాబు ఒక లేయర్‌గా రాదు, కట్టగా వస్తుంది. కట్టలో మొదటిదాన్ని తీసుకోవాలి.
4. షార్ప్ చేసే పాత ప్లగిన్ ఆజ్ఞ లేదు. ఇప్పుడు ఆ ఫిల్టర్‌ను గెగ్ల్ (జింప్ లోపలి ఇంజిన్) పేరుతో నేరుగా పిలిచి, లేయర్లో కలిపేయమని చెప్పాలి.
5. జేపెగ్ "సేవ్" ఆజ్ఞ ఇప్పుడు జేపెగ్ "ఎక్స్‌పోర్ట్".

స్క్రిప్టు మొత్తం ఒకేసారి దిద్ది నడపొద్దు. ఒక ఆజ్ఞ మార్చు, స్క్రిప్ట్-ఫూ కన్సోల్లో దాన్నొక్కదాన్నే నడిపి చూడు, తర్వాతిదానికి పో. మూడు తప్పులు కలిసి ఉన్నప్పుడు అది మొదటిదాన్నే చూపిస్తుంది.

పేరు-తేదీ పట్టీ స్క్రిప్టు తేలిగ్గా లొంగింది. స్టాంప్ సైజ్‌ది పాస్‌పోర్టుదానికి తమ్ముడే, అంకెలు తప్ప తేడా లేదు.

లెక్క: ఖర్చు రూ. 0. స్క్రిప్టులు 5/6. టెంప్లేట్లు 0/31.

దశ 4: షీట్ కొలత

స్క్రిప్టు ఎర్రర్ లేకుండా నడిచినంత మాత్రాన పని అయినట్టు కాదు. స్టీల్ స్కేలు పెట్టి కొలిచిందే లెక్క.

మా షీట్ 6×4 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). అంటే 1800×1200 పిక్సెళ్లు. ఫొటో 35×45 మిల్లీమీటర్లు, అంటే 413×531 పిక్సెళ్లు. అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది. అడ్డంగా 1652 పోగా 148 మిగులుతాయి, ఐదు ఖాళీలకు పంచితే ఒక్కోటి 29, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. నిలువుగా 1062 పోగా 138, మూడు ఖాళీలకు 46 చొప్పున.

3.0 నుంచి తీసిన మొదటి షీట్ కొలిస్తే ఒక్కో ఫొటో 36×46.3 వచ్చింది. చూపుకు తేడా తెలీదు. కానీ మేం వాడేది 35×45 పంచ్ కట్టర్. కట్టర్ కింద పెడితే తల పైన ఉండాల్సిన ఖాళీ తగ్గిపోయింది, తెల్ల అంచు ఒకవైపు సన్నగా, ఒకవైపు అసలు లేకుండా పోయింది.

"ఈ కొత్తది కొలత తప్పుతాండాదన్నా" అన్నాడు మా దగ్గర ఎడిటింగ్ చేసే తమ్ముడు. నాకూ మొదట అదే అనిపించింది. స్క్రిప్టులో అంకెలు సరిచూశాం. బొమ్మను పెద్దది చేసి పిక్సెళ్లు లెక్కపెట్టాం. 413 అంటే 413 ఉంది. ప్రింట్ సైజ్ డైలాగ్‌లో 300 ఉంది. ఫైలు సరిగ్గానే ఉంది, కాగితం మీదే పెరుగుతోంది. అదీ రెండు వైపులా ఒకే నిష్పత్తిలో, దాదాపు 3 శాతం.

అసలు సంగతి ప్రింటర్ డ్రైవర్లో ఉంది. బార్డర్‌లెస్ అని పెడితే కాగితం అంచుల్లో తెల్ల గీత రాకుండా డ్రైవర్ బొమ్మను కొంచెం సాగదీస్తుంది. 2.10లో ఎప్పుడో బార్డర్ ఉన్న సెట్టింగ్ పెట్టి ఉంచాం, అది దానికి గుర్తుంది. 3.0 ప్రింట్ సెట్టింగులు కొత్తగా మొదలయ్యాయి, డ్రైవర్ తన ఇష్టం వచ్చిన బార్డర్‌లెస్ తీసుకుంది. బార్డర్ ఉన్న కాగితం ఎంచుకుని, ప్రింట్ డైలాగ్‌లో ఇమేజ్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో వెడల్పు, ఎత్తు చూసి తీస్తే 35×45 నిఖార్సుగా వచ్చింది. 29 పిక్సెళ్ల అంచు అందుకే పెట్టుకున్నది కాబట్టి బార్డర్ వల్ల ఫొటోకు నష్టం లేదు.

వెర్షన్ మార్చినప్పుడు కొలత తేడా వస్తే ఈ వరుసలో చూడండి:

1. ఫైల్లో పిక్సెళ్లు.
2. ప్రింట్ సైజ్‌లో డీపీఐ.
3. డ్రైవర్లో బార్డర్‌లెస్, "ఫిట్ టు పేజ్".
4. చివరగా మాత్రమే సాఫ్ట్‌వేర్.

లెక్క: ట్రయల్ ప్రింట్లకు ఫొటో పేపర్ రూ. 380. మొత్తం రూ. 380.

దశ 5: చేతి అలవాట్లు, టెంప్లేట్లు

తమ్ముడి వేళ్లకు ఏళ్ల అలవాటు: కాపీ, కంట్రోల్ వీ, వెంటనే కంట్రోల్ హెచ్. 2.10లో పేస్ట్ చేసింది గాల్లో తేలుతూ ఉండేది, దాన్ని కింద లేయర్‌కు అతికించడానికే కంట్రోల్ హెచ్. 3.0లో పేస్ట్ చేసింది నేరుగా కొత్త లేయర్‌గా వచ్చి కూర్చుంటుంది. అతికించడానికి ఏమీ ఉండదు. ఫలితంగా సాయంత్రానికి ఒక ఆల్బమ్ పేజీలో పనికిరాని లేయర్లు కుప్పపడ్డాయి, ఫైలు సైజు ఎక్కడికో పోయింది. పద్ధతిగా చూస్తే కొత్తదే మంచిది. వేళ్లకు తెలియాలంతే.

గొలుసు గుర్తు కూడా లేదు. మా ఆహ్వాన పత్రాల టెంప్లేట్లలో అంచు డిజైన్, పేర్లు, దేవుడి బొమ్మ గొలుసుతో కట్టి ఒకేసారి జరిపేవాళ్లం. ఇప్పుడు కంట్రోల్ పట్టుకుని లేయర్లను ఒక్కొక్కటిగా నొక్కి ఎంచుకోవాలి. ఆ ఎంపికకు పేరు పెట్టి లేయర్ సెట్‌గా దాచుకోవచ్చు. పన్నెండు ఎక్స్‌సీఎఫ్‌లలో అక్షరాలు లేని ఏడు అప్పుడే అయిపోయాయి. తెలుగు అక్షరాలున్న ఐదింటి కథ వేరు, కింద చెప్తాను.

పీఎస్‌డీలు 19. 2.10 కంటే 3.0 వీటిని బాగా తెరుస్తుంది. తెరిచేటప్పుడు ఈ ఫైల్లో తనకు పూర్తిగా రానివి ఏమున్నాయో ఒక నోటీసు కూడా చూపిస్తుంది. అది చదవకుండా ఓకే కొట్టొద్దు. పదిహేను పేజీలు బాగానే వచ్చాయి. నాలుగింటిలో రంగంతా అడ్జస్ట్‌మెంట్ లేయర్ల మీదే ఆధారపడి ఉంది. అవి రాలేదు కాబట్టి బంగారు రంగు ఉండాల్సిన పేజీ బూడిద రంగులో తెరుచుకుంది. ఆ నాలుగూ పక్కన పెట్టాం.

గండికోట ప్రీ-వెడ్డింగ్ ఒకటి ఈ సమయంలోనే చేతిలో ఉంది. పెన్నా లోయ అంచున సాయంత్రం తీసినవి. రాయి ఎరుపు పండాలని రంగు పెంచితే పెళ్లికొడుకు ముఖం కూడా టమాటా పండు అవుతుంది. మనుషులను మినహాయించి సెలెక్షన్ చేసి, హ్యూ-సాచురేషన్ ఫిల్టర్ వేస్తే అది ఆ సెలెక్షన్ వరకే నిలిచింది. అంకెలు తర్వాత ఎన్నిసార్లైనా మార్చుకోగలిగాం. హద్దు మాత్రం మార్చలేకపోయాం. చెవి దగ్గర ఒక చోట ఎరుపు కారితే, ఫిల్టర్ తీసేసి, సెలెక్షన్ సరిచేసి, మళ్లీ వేయాల్సి వచ్చింది. కాబట్టి ఫిల్టర్ వేసే ముందు సెలెక్షన్‌ను ఛానెల్‌గా సేవ్ చేసి పెట్టుకోండి.

లెక్క: ఖర్చు రూ. 380. స్క్రిప్టులు 5/6. టెంప్లేట్లు 22/31.

దశ 6: పాత ఫొటోలు

మొత్తం మార్పు దీనికోసమే కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చెప్తాను.

పరీక్షకు తీసుకున్నది ఒక నలుపు-తెలుపు ఫొటో, ఆరు బై ఎనిమిది అంగుళాలు. ఒకావిడ తన తండ్రి ఫొటో పెద్దది చేయించి కట్టించాలని తెచ్చింది. గోడకు తేమ పట్టి అంచులు చుట్టుకున్నాయి, మొహం మీద చిన్న చిన్న బూజు చుక్కలు, ఎడమ భుజం దగ్గర మడత. రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి పైన నున్నటి కడప బండ ఒకటి రాత్రంతా ఉంచాం. అంచులు దిగాయి. పైపూత పెళుసుగా చిట్లే ఫొటోలకు మాత్రం ఈ పని చేయొద్దు, ముక్కలైపోతుంది.

600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600×4800, అంటే కోటీ 72 లక్షల పిక్సెళ్ల చిల్లర. 3.0లో మా అమరిక:

1. ఒక లేయర్ గ్రూప్. అందులో అడుగున స్కాన్, దానికి తాళం.
2. స్కాన్ పైన ఖాళీ "రిపేర్" లేయర్. హీల్, క్లోన్ బ్రష్‌లు దీని మీదే, "శాంపిల్ మెర్జ్‌డ్" టిక్ పెట్టి.
3. గ్రూప్ మీద ఫిల్టర్లు: లెవెల్స్, కర్వ్స్, చివర్లో కొద్దిగా షార్ప్.

లేయర్ పక్కన ఎఫ్‌ఎక్స్ అన్న గుర్తు నొక్కితే ఫిల్టర్ల జాబితా వస్తుంది. ఒక్కోదాని పక్కన కన్ను గుర్తు, వరుస మార్చుకోవచ్చు, ఎంచుకుని ఎడిట్ కొడితే డైలాగ్ మళ్లీ తెరుచుకుంటుంది. ఫిల్టర్ వేసేటప్పుడు డైలాగ్ కింద "మెర్జ్ ఫిల్టర్" అన్న టిక్ ఉంటుంది. అది పెడితే పాత 2.10 లాగే కలిసిపోతుంది. అది తీసి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

వినడానికి బాగుంది. చేస్తే బుగ్గ మీద తెల్ల మచ్చలు పడ్డాయి.

ఒక బూజు చుక్క మీద క్లోన్ బ్రష్ వేస్తే, చుక్క పోయి దాని స్థానంలో చుట్టూ ఉన్న చర్మం కంటే తేలిక రంగు మచ్చ వచ్చింది. కలర్ పికర్‌తో చూస్తే చుట్టూ 142, బ్రష్ వేసిన చోట 156. బ్రష్ మార్చాం, ఒపాసిటీ తగ్గించాం, లాభం లేదు. కర్వ్స్ ఆపి చూస్తే రెండు అంకెలూ తగ్గి మచ్చ ముదురు వైపు పోయింది, ఆన్ చేస్తే మళ్లీ తెల్లబడింది. అప్పుడు అర్థమైంది.

జరుగుతున్నది ఇది. "శాంపిల్ మెర్జ్‌డ్" అంటే తెర మీద కనబడే రంగును తీసుకుంటుంది. తెర మీద కనబడేది కర్వ్స్ వేశాక వచ్చిన రంగు. బ్రష్ ఆ రంగును రిపేర్ లేయర్ మీద పూస్తుంది. ఆ లేయర్ గ్రూప్‌లోనే ఉంది కాబట్టి దాని మీద కర్వ్స్ మళ్లీ పడుతుంది. చర్మానికి కర్వ్స్ ఒకసారి, రిపేర్‌కు రెండుసార్లు. 2.10లో కర్వ్స్ కలిసిపోయి ఉండేది కాబట్టి ఈ సమస్యే పుట్టలేదు.

మందు చిన్నదే:

1. బ్రష్ పట్టుకునే ముందు ఎఫ్‌ఎక్స్ జాబితాలో ఫిల్టర్లన్నింటికీ కన్ను ఆపాలి.
2. మచ్చలు, మడతలు ఆ చప్పటి స్కాన్ మీదే పూడ్చాలి.
3. కన్ను ఆన్ చేసి చూడాలి. ఇంకా పని ఉంటే మళ్లీ ఆపాలి.

దీనివల్ల ఇంకో లాభం కూడా. ఫిల్టర్లు ఆన్‌లో ఉంటే బ్రష్ వెనక బొమ్మ ఈడ్చుకుంటూ వచ్చేది, ప్రతి దెబ్బకూ మొత్తం మళ్లీ లెక్కవేసుకోవాలి కదా. ఆపితే బ్రష్ చేతితో పాటు నడిచింది.

షార్ప్ ఎక్కడ ఉండాలన్న దాని మీద తమ్ముడికీ నాకూ వాదన. వాడు ముందు షార్ప్, తర్వాత కర్వ్స్ అంటాడు. అలా చేస్తే పాత ఫొటోలోని ఇసుక లాంటి గింజ ముందే పదునెక్కి, కర్వ్స్ దాన్ని ఇంకా లేపింది. వరుస మార్చి రెండూ ప్రింట్ తీసి ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టాం. తర్వాత వాదన లేదు.

ఫొటో సిద్ధమై ఆవిడకు చూపించాం. కాసేపు చూసి, "బాగుండాది గాని సార్, మా నాయన ఇంత తెల్లగా యాడుండె? చామనచాయ మనిషి" అంది. ఇలాంటి మాట వినని స్టూడియో ఉండదు. 2.10 అయితే "రేపు రామ్మా" అనేవాళ్లం. ఇప్పుడు ఆవిడ స్టూల్ మీద కూర్చుని ఉండగానే కర్వ్స్ తెరిచి, మధ్య బిందువును 150 నుంచి 134కి దించాం. "ఇంకొంచెం" అంది. 130. "ఆ, ఇదీ మా నాయన" అంది. ప్రింట్ కొట్టేశాం. బుగ్గ మీద రిపేర్ చేసిన చుక్కలు కూడా చుట్టూ చర్మంతో పాటే దిగాయి, ఒక్కటి కూడా బయటపడలేదు.

దశ 7: మెమరీ, కరెంటు

3.0 బరువైనదా అని అందరూ అడుగుతారు. మా అనుభవంలో బరువు వెర్షన్‌ది కాదు, మనం ఎంచుకున్న ప్రెసిషన్‌ది, అంటే ఒక్కో రంగు విలువకు ఎన్ని బిట్లు అన్నదానిది. పై స్కాన్‌నే తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి నాలుగు విలువలతో ఒక్క లేయర్:

8 బిట్‌లో సుమారు 69 ఎంబీ.
16 బిట్‌లో 138 ఎంబీ.
32 బిట్‌లో 276 ఎంబీ.

పాత ఫొటోలకు 16 బిట్ పెట్టుకున్నాం. కర్వ్స్ గట్టిగా లాగితే 8 బిట్‌లో బ్యాక్‌గ్రౌండ్ మెట్లు మెట్లుగా విరుగుతుంది, 16లో విరగదు. 32 మాకు దండగ. ఆల్బమ్‌లు మాత్రం 8 బిట్‌లోనే. 12×36 పేజీ 300 డీపీఐలో 10800×3600, ఒక్క లేయరే 155 ఎంబీ. పది లేయర్లు పెడితే ఒకటిన్నర జీబీ. ల్యాబ్‌కు పోయేది ఎలాగూ 8 బిట్ జేపెగ్.

లోపలి సిస్టంలో 8 జీబీ ర్యామ్ ఉంది, ఇంకో 8 వేయించాం. ప్రిఫరెన్సెస్‌లో సిస్టం రిసోర్సెస్ కింద టైల్ క్యాష్ (జింప్ వాడుకునే ర్యామ్ వాటా) పెంచి, స్వాప్ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చాం. స్వాప్ పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే ర్యామ్ నిండిన క్షణం నుంచి సిస్టం మూలుగుతుంది.

ఒక మధ్యాహ్నం పెద్ద ఎక్స్‌సీఎఫ్ సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమని ఆగిపోయింది, దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఫైలు సగమే రాసుకుంది, తెరుచుకోలేదు. పక్కన ముందటి కాపీ ఉండబట్టి నష్టం ఒక గంట పనితో సరిపోయింది. కొత్త బ్యాటరీ వేయించాం. ఒకే పేరు మీద సేవ్ చేయడం మానేసి పేరు చివర 01, 02 అని పెంచుకుంటూ పోతున్నాం.

లెక్క: ర్యామ్ రూ. 1,650, బ్యాటరీ రూ. 1,050. మొత్తం రూ. 3,080.

దశ 8: తెలుగు అక్షరాలు

మిగిలిన ఐదు ఎక్స్‌సీఎఫ్‌లలో మూడు శ్రద్ధాంజలి, పుట్టినరోజు ఫ్లెక్సీలవి. వాటిలో అక్షరాలు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టినవి. అవి యూనికోడ్ కాదు, ఫాంట్ ఒక్కటి లేకపోతే తెలుగు స్థానంలో ఇంగ్లిషు గుర్తుల చెత్త కనబడుతుంది. ఇది 3.0 తెచ్చిన సమస్య కాదు, కానీ ఎలాగూ విప్పాం కాబట్టి ఇప్పుడే తీర్చేద్దాం అనుకున్నాం.

జింప్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గా పడుతుంది, ఒత్తులు చెదరవు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పేర్లకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి పెట్టాం. నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి టెక్స్ట్ టూల్‌లో పేస్ట్ చేయడం సులువు. రెండు వరుసలుంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి, లైన్ స్పేసింగ్ పెంచుకోవాలి.

3.0లో అక్షరాలకు అవుట్‌లైన్ నేరుగా టెక్స్ట్ టూల్‌లోనే ఉంది. 2.10లో అక్షరాలను పాత్‌గా మార్చి, వేరే లేయర్ మీద గీత కొట్టేవాళ్లం. పేరులో ఒక్క అక్షరం తప్పొస్తే అంతా మళ్లీ. ఇప్పుడు పేరు మార్చినా అవుట్‌లైన్ వెంట వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, గీత అక్షరం అంచుకు రెండు వైపులా పెరుగుతుంది. ఎనిమిది బై నాలుగు అడుగుల ఫ్లెక్సీని మేం 72 డీపీఐలో చేస్తాం, 6912×3456 పిక్సెళ్లు. అందులో పేరుకు 12 పిక్సెళ్ల తెల్ల అవుట్‌లైన్ పెడితే 6 లోపలికి వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాలకు పర్వాలేదు. మన 'ద్ధ', 'శ్ర' లాంటివాటి లోపలి సన్నటి సందులు, ఒత్తుల కొక్కేలు పూడుకుపోయాయి. దూరం నుంచి చూస్తే తెల్ల ముద్ద.

1. టెక్స్ట్ లేయర్‌కు డూప్లికేట్ తీయాలి.
2. కింది దానికి కావలసిన దానికి రెట్టింపు మందంతో అవుట్‌లైన్ పెట్టాలి.
3. పై దాన్ని అవుట్‌లైన్ లేకుండా రంగుతో ఉంచాలి. లోపలికి వచ్చిన గీతను అది కప్పేస్తుంది.

పేరు మార్చేటప్పుడు రెండు చోట్లా మార్చాలి. అంత మాత్రం ఓర్చుకోవచ్చు.

లెక్క: ఖర్చు రూ. 3,080. స్క్రిప్టులు 5/6. టెంప్లేట్లు 27/31.

దశ 9: కౌంటర్

కౌంటర్ సిస్టంలో విండోస్ 10 ఉంది, ర్యామ్ 4 జీబీ, పాత హార్డ్ డిస్క్. 3.0 అందులో మొదటిసారి తెరుచుకోవడానికి ఒక టీ తాగి రావచ్చు. ఎస్‌ఎస్‌డీ వేయించాక ఆ బాధ పోయింది. ర్యామ్ పెంచలేదు. పాస్‌పోర్టు షీట్‌కు అంత అవసరం లేదు.

ఇక్కడ మార్చిన వరుస:

1. దిద్దిన స్క్రిప్టులు కాపీ.
2. ప్రింటర్ సెట్టింగ్, బార్డర్‌తో.
3. ఒక షీట్ తీసి స్కేలుతో కొలత: 35×45.
4. పంచ్ కట్టర్‌తో ఎనిమిదీ కోసి, తల పైన ఖాళీ చూడడం.
5. డెస్క్‌టాప్ మీద 2.10 ఐకాన్ తీయలేదు, కానీ కుడి మూలకు జరిపాం.

ఎన్‌డీఈ ఫిల్టర్లు (లేయర్లో కలవకుండా విడిగా నిలిచేవి) అంటున్నారే, అవి కౌంటర్లో పెట్టలేదు. అక్కడ ఫొటో తీస్తాం, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు చేస్తాం, కోస్తాం, ఇస్తాం. "మెర్జ్ ఫిల్టర్" టిక్ పెట్టే ఉంచాం. ఫైళ్లు చిన్నగా ఉంటాయి, అవసరమైతే మూలనున్న విండోస్ 7 పెట్టెకు జేపెగ్‌గా పంపుకోవచ్చు.

శ్రావణం మొదటి వారం కౌంటర్ మొత్తం 3.0 మీదే నడిచింది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు రద్దీలో ఒక్కసారి షీట్ మళ్లీ 36 కొలిచింది. ఎవరో 5×7 తీయడానికి బార్డర్‌లెస్ పెట్టి వెనక్కి మార్చలేదు. డ్రైవర్లో "పాస్‌పోర్టు", "ఫుల్" అని రెండు ప్రీసెట్లు పేర్లతో సేవ్ చేసి, రెండో దాన్ని లోపలి సిస్టంకు మాత్రమే ఉంచాం.

చివరి లెక్క: ఎస్‌ఎస్‌డీ రూ. 2,900 కలిపి మొత్తం రూ. 5,980. సాఫ్ట్‌వేర్‌కు రూ. 0. స్క్రిప్టులు 5/6, రీసింథసైజర్ లేకుండానే నడుస్తోంది. టెంప్లేట్లు 27/31. ఆ నాలుగు బంగారు రంగు పీఎస్‌డీలను ఈ సీజన్లో ఎవరూ అడగలేదు. అడిగితే గ్రూప్ మీద కర్వ్స్, కలర్ బ్యాలెన్స్ ఫిల్టర్లతో ఆ రంగు తేవచ్చేమో చూస్తాం.